"చూసినా మేడం" అన్న పిల్లోడిని ఏమడగాల

(తిరుపతిలో ఒక హైస్కూల్లో ఆదివారం పొద్దున టీచర్లు, తల్లిదండ్రుల మీటింగ్‌లో మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని రాసినవి)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పిలిస్తే ఎంతమంది వస్తారో అనుకున్నా, వెనక బెంచీలు కూడా నిండిపోయినాయి, చాలా సంతోషం. నేను ముప్పై ఏళ్ళు బయాలజీ చెప్పినా, సగం సర్వీసు చంద్రగిరి పక్క పల్లెల్లో, మిగతా సగం తిరుపతి టౌన్లో. హెచ్చెమ్ మేడం ఫోన్ చేసి పిల్లలు ఏదైనా నేరం చూస్తే ఎట్ట గమనించాల, ఎవురికి ఎట్ట చెప్పాల, దాని మీద మాట్లాడండి అన్నారు. అది పోలీసోళ్ళు చెప్పాల్సింది కదా అని మీలో కొందరికి ఉంటాది. పోలీసోళ్ళు వచ్చి నంబర్లు చెప్పి పోతారు, మంచిదే, కానీ చూడడం నేర్పేది మాత్రం మనమే, ఆకు చూసి ఆకు బొమ్మ వెయ్యమని చెప్పేది మనమే కదా.

నేనొక పని చేసేదాన్ని, ఎనిమిదో తరగతిలో, ఏడాదికి ఒకసారే, రెండోసారి చేస్తే పిల్లలకి తెలిసిపోతాది. పాఠం మధ్యలో ఉండగా ఒకతను లోపలికొస్తాడు, మా అటెండర్ బంధువు, పిల్లలకి తెలీని మనిషి. తలుపు దగ్గిర ఒక్క క్షణం నిలబడి, నా టేబుల్ మీద ఉన్న హ్యాండ్‌బ్యాగ్ తీసుకొని, కిటికీ పక్క నుంచి నడిచి వెనక తలుపు నుంచి బయటికి పోతాడు. మొత్తం అర నిమిషం కూడా పట్టదు. నేను బోర్డు మీద రాస్తా ఉంటా. అతను పోయినాక తిరిగి, నా బ్యాగ్ ఏదిరా అంటే క్లాసంతా ఒకటే అరుపులు. ఇది నేను చెప్పి చేయించిందే, బ్యాగ్ భద్రంగా ఉంది అని వెంటనే చెప్పేస్తా, పిల్లల్ని భయంలో పెట్టకూడదు. అప్పుడు తలా ఒక పేపర్ ఇచ్చి, ఎవురూ ఎవురితో మాట్లాడకుండా, చూసింది రాయండి అంటా.

ఒక సంవత్సరం నలభై మూడు పేపర్లు వచ్చినాయి. ఇంటికి తీసకపోయి రాత్రి పన్నెండు దాకా కూర్చొని చదివినా. చొక్కా నీలం అని కొందరు, నలుపు అని కొందరు, గళ్ళ చొక్కా అని ఒక పిల్ల. గడ్డం ఉంది అని ఆరుగురు రాసినారు, అతనికి గడ్డం లేదు. ఒకడైతే పరిగెత్తినాడు అని రాసినాడు, అతను నిదానంగా నడిచే పోయినాడు, నేనే నిదానంగా పొమ్మని చెప్పింది. ఇంకొకడు 'దొంగ మొహం మేడం, చూస్తానే తెలిసిపోయింది' అని రాసినాడు. వీళ్ళెవరూ అబద్ధం చెప్పినోళ్ళు కాదు, గట్టిగా నమ్మే రాసినారు. ఆఖరి బెంచీలో కూర్చునే ఒక పాప, క్లాసులో నోరెత్తేది కాదు, నాలుగే లైన్లు రాసింది. 'తలుపు దగ్గిర ఆగినాడు. ఎడమ చేత్తో బ్యాగ్ తీసినాడు. చెప్పులు ఒకటి కొత్త తోలు వారు, ఒకటి పాత వారు. మొహం నాకు అగుపడలేదు.' అంతే. చెప్పు వారు తెగితే బస్టాండ్ దగ్గిర కుట్టించుకున్నాడంట, నేను పిలిచి అడిగితే చెప్పినాడు, నేను కూడా గమనించలేదు. ఆ పేపర్ ఇప్పటికీ నా దగ్గిర ఉండాది. నాకు మొదటి మూడు లైన్ల కన్నా ఆఖరి మాట గొప్పగా అనిపించింది, మొహం నాకు అగుపడలేదు అని రాయడానికి ఎంత ధైర్యం కావాల చెప్పండి, పక్కనోళ్ళంతా గడ్డాలు మీసాలు రాస్తా ఉంటే.

ఇది పిల్లలకే కాదు అందరికీ ఉండేదే. 1900ల మొదట్లో జర్మనీలో, బెర్లిన్ యూనివర్సిటీలో ఫాన్ లిస్ట్ అని లా ప్రొఫెసర్ ఇట్లాంటిదే చేయించినాడు, క్లాసులో ఇద్దరు స్టూడెంట్లు వాదులాడుకుంటారు, ఒకడు రివాల్వర్ తీస్తాడు, గొడవ, ప్రొఫెసర్ అడ్డం పోతాడు, రివాల్వర్ పేలతాది. అంతా ముందే అనుకొని చేసిన నాటకం. తర్వాత చూసినోళ్ళతో రాయిస్తే అందరికన్నా తక్కువ తప్పులు రాసినోడికే నూటికి 26 తప్పులు, ఎక్కువ రాసినోడికి 80. వాళ్ళు రేపు లాయర్లు, జడ్జీలు కాబోయే మనుషులు. ఇంక మన పన్నెండేళ్ళ పిల్లోడు గళ్ళ చొక్కా అంటే వాడిని తిట్టి ఏం లాభం.

అందుకని నేను చేసింది ఏందంటే మా రికార్డు పుస్తకాన్నే తీసుకున్నా. ల్యాబ్‌లో ఏమి రాయిస్తాం, పరిశీలన అని ఒక కాలమ్, నిర్ధారణ అని ఒక కాలమ్. లిట్మస్ ఎర్రగా మారింది, అది పరిశీలన. ఇది ఆమ్లం, అది నిర్ధారణ. రెండూ కలిపి రాస్తే మార్కులు కోస్తాం కదా, మరి మనుషుల విషయంలో ఎందుకు కలిపేస్తాం. పేపర్ మధ్యలో గీత గీయించి ఎడమ పక్క 'చూసింది', కుడి పక్క 'అనుకుంది' అని రాయించేదాన్ని. 'తాగి ఉన్నాడు' అనేది కుడి పక్క. 'గోడ పట్టుకొని నడస్తా ఉన్నాడు, మాట ముద్దగా వచ్చింది' ఎడమ పక్క. 'కోపంగా ఉన్నాడు' కుడి. 'గట్టిగా అరిచినాడు, బండి సీటు మీద రెండు దెబ్బలు కొట్టినాడు' ఎడమ. మొదట్లో పిల్లలకి కష్టంగా ఉంటాది, కుడి పక్కంతా నిండిపోతాది, ఎడమ పక్క ఖాళీ. రెండు నెలలు పోయినాక వాళ్ళే ఒకరినొకరు పట్టుకుంటారు, 'రేయ్ అది అనుకుందిరా, ఆ పక్క రాయి' అని. గ్రౌండ్‌లో కొట్లాడుకొని నా దగ్గిరికి వచ్చినా అదే, వీడు కావాలనే తోసినాడు మేడం అంటే, కావాలని అనేది ఏ పక్క అని అడిగితే గమ్మున నిలబడతారు, తర్వాత భుజం తగిలింది మేడం అంటారు.

ఇంక ఏం చూడాల అనేది. మా తమ్ముడు పోలీసు డిపార్ట్‌మెంట్లో చేసి రిటైరైనాడు, వాడు ఒక మాట అనేవాడు, చొక్కా మారుస్తారక్కా, చెప్పులు మార్చరు అని. హెల్మెట్ తీసేస్తారు, టోపీ పారేస్తారు, నడక మారదు, మచ్చ మారదు, ఏ చెయ్యి వాడతాడో అది మారదు. పొడుగెంత అంటే పిల్లలు అడుగుల్లో చెప్పలేరు, పెద్దోళ్ళమే చెప్పలేం, పక్కన ఉన్నదాంతో పోల్చి చెప్పమనాల. మన కాంపౌండ్ గోడకి తల తగిలేంత ఉన్నాడా, ఏటీఎమ్ తలుపులో వంగి దూరినాడా, మీ నాయన కన్నా పొడుగా. బండి నంబర్ అయితే మొత్తం గుర్తుండదు, ఆఖరి నాలుగు అంకెలు చాలు, దాంతో పాటు బండి రంగు, ఏ రకం బండి, సీటు చినిగిందా, అద్దం ఒకటే ఉందా. ముందు మాదిరి ఏపీ 03 అంటే చిత్తూరు బండి అని ఇప్పుడు చెప్పలేం, 2019 నుంచి రాష్ట్రమంతా కొత్త బండ్లకి ఏపీ 39 సీరీస్ వచ్చింది కాబట్టి ముందు అక్షరాల మీద కష్టపడొద్దని చెప్తా. పెన్ను ఉంటే అరచేతిలో రాసుకోవాల, లేకుంటే పైకి నాలుగుసార్లు చదువుకుంటా ఇంటికి రావాల.

దిక్కుల విషయం చెప్తా, ఇది మన ఊరికే ఉన్న సౌకర్యం. ఉత్తరం ఏదిరా అంటే పదిమందిలో తొమ్మిది మంది తెల్లమొహం వేస్తారు, కొండ ఏ పక్క అంటే కళ్ళు మూసుకొని చూపిస్తారు. తిరుపతిలో యాడ నిలబడినా కొండ అగుపడతానే ఉంటాది, ఊరికి ఉత్తరం. ఇంకొక పక్క రైలు పట్టాలు. కొండ పక్కకి పోయినాడా, పట్టాల పక్కకి పోయినాడా, రెండూ కాకుంటే రేణిగుంట పక్కకా, చంద్రగిరి పక్కకా. ఈ నాలుగు మాటలతో ఐదో తరగతి బిడ్డ కూడా దారి కరెక్టుగా చెప్తాడు. నేను లీలామహల్ సర్కిల్ దగ్గిర, గాంధీ రోడ్డులో, అన్నమయ్య సర్కిల్ దగ్గిర పిల్లల్ని నిలబెట్టి చేయించినా, ఇదొక ఆట మాదిరి అయిపోయింది వాళ్ళకి.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం చెప్తా, దీంట్లో నేను దెబ్బ తిన్నా. చూడడం నేర్పిన కొత్తలో మా పిల్లలు అందరినీ చూడడం మొదలు పెట్టినారు. స్కూల్ గేటు ఎదురుగా ఒక పెద్దాయన రోజూ మధ్యాహ్నం వచ్చి చెట్టు కింద కూర్చుంటా ఉన్నాడు, చేతిలో గోతం సంచి, మాసిన పంచె. మూడు రోజులు చూసి నలుగురు పిల్లలు నా దగ్గిరికి వచ్చినారు, పిల్లల్ని ఎత్తకపోయేవాడు మేడం అని. నేను పోయి అడిగితే ఆయన మనవరాలు ఆరో తరగతిలో చేరింది, కొత్త ఊరు, బిడ్డ ఏడుస్తా ఉంటాదేమో అని బెల్లు కొట్టేదాకా కూర్చుంటాడంట. సంచిలో ఏముందంటే వేరుశెనక్కాయలు, దార్లో అమ్ముకుంటా వస్తాడు. పిల్లలు చెప్పడానికి వచ్చింది తప్పు కాదు, నా దగ్గిరికే వచ్చినారు, అది మంచిదే. కానీ అప్పటికే ఒకడు ఇంట్లో చెప్పినాడు, వాళ్ళ మామ ఫోన్లో ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టబోయినాడు.

అది ఎంత దూరం పోతాదో మనకి తెలుసు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తకపోయే ముఠాలు తిరగతా ఉన్నాయని వాట్సాప్‌లో ఎంత గగ్గోలు లేచిందో గుర్తుండాదా, మన పక్కనే తిరువణ్ణామలై జిల్లాలో కులదైవం గుడికి పోతా కారాపి పిల్లలకి చాక్లెట్లు ఇచ్చిన పాపానికి ఒక పెద్దావిడని ఊరోళ్ళు కొట్టి చంపేసినారు. చాక్లెట్ ఇచ్చింది, అది చూసింది. ఎత్తకపోయేదానికి వచ్చింది, అది అనుకుంది. మధ్యలో గీత లేకపోయేతలికి ఒక ప్రాణం పోయింది. మన ఊరికి రోజూ వేల మంది వస్తారు, గుండు కొట్టించుకొని, మాసిన బట్టలతో, రాత్రంతా బస్సులో కూర్చొని వాచిన మొహాలతో, మనకి రాని భాషలు మాట్లాడతా. యాత్రికులు దిగే విష్ణునివాసం ముందర మెట్ల మీద పడుకున్న మనిషి ఎవరో మనకేం తెలుసు. మనిషి ఎట్ట ఉన్నాడు అనేది నేరం కాదు, ఏం చేసినాడు అనేది చూడాల. రంగు, బట్టలు, భాష, మతం, ఇవి గుర్తు పట్టేదానికి పనికొస్తే రాసుకోండి, అనుమానించేదానికి కాదు అని పిల్లలకి చెప్పండి, ఒకసారి కాదు ప్రతిసారి చెప్పండి.

ఇంకోటి, బిడ్డ చూస్తాడు, వస్తాడు, చెప్తాడు. అంతే వాడి పని. వెంబడించకూడదు, అడ్డం పోకూడదు, దగ్గిరికి పోయి ఫోటో తీయకూడదు. శేషాచలం కింద పల్లెల్లో పని చేసినప్పుడు నాకు ఇదే పెద్ద భయం. ఎర్రచందనం అడవిలో సహజంగా పెరిగేది ఎక్కువగా మన కొండల్లో, కడప, నెల్లూరు పక్క కొండల్లోనే, దుంగల కోసం గొడ్డళ్ళతో వచ్చే మనుషులుంటారు, దాని కోసమే తిరుపతిలో ప్రత్యేకంగా టాస్క్‌ఫోర్స్ పెట్టినారు. మేకలు తోలుకొని పోయే పిల్లోడు ఒకడు నాతో, రాత్రి చెరువు కట్ట మీద లైట్లు లేకుండా వ్యాన్ నిలబడింది మేడం, రేపు ఇంకా దగ్గిరికి పోయి చూసొస్తా అన్నాడు. వాడి చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టి చెప్పినా, నువ్వు చూసింది చాలు నాయనా, ఇంక ఆ పక్క మేకల్ని కూడా తోలొద్దు, చెప్పే పని పెద్దోళ్ళం మేము చూసుకుంటాం అని. వాడి పేరు ఎక్కడా రానీకుండా చెప్పాల్సిన చోట చెప్పినాం. చెప్పిన బిడ్డ పేరు ఊర్లో తిరిగిందంటే ఇంక ఏ బిడ్డా చెప్పడు, స్టాఫ్‌రూమ్‌లో కూడా ఆ పేరు అనొద్దు దయచేసి.

పెద్దోళ్ళు దగ్గిర లేకుంటే 112. ఫోన్ ఎట్ట చెయ్యాలో నోటితో చెప్తే రాదు, చేయించాల, నేను ఆటబొమ్మ ఫోన్ పెట్టి చేయించేదాన్ని. మొదట స్థలం చెప్పాల. పేరు, స్కూలు, మా నాయన ఎవరు ఇవన్నీ తర్వాత, ఫోన్ మధ్యలో కట్టయినా యాడికి రావాలో వాళ్ళకి తెలిసుండాల. 'కొర్లగుంట, పాలబూత్ ఎదురుగా, ఇద్దరు ఒకరిని కొడతా ఉన్నారు, ఇప్పుడే, నేను అంగడి లోపల ఉన్నా.' ఇట్ట. తర్వాత వాళ్ళు అడిగింది చెప్పాల, వాళ్ళు పెట్టేదాకా ఫోన్ పెట్టకూడదు. పిల్లలకి సంబంధించింది అయితే 1098, డబ్బులు ఆన్‌లైన్లో పోతే 1930, అది ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, గంజాయి సంగతైతే మన రాష్ట్రంలో 1972 ఉండాది. ఆటకి ఫోన్ చేస్తే నిజంగా ప్రాణం మీదికొచ్చినోళ్ళకి లైన్ దొరకదని కూడా చెప్పాల, పిల్లలకి అర్థమవతాది.

ఇప్పుడు మన సంగతి, వినే పెద్దోళ్ళ సంగతి. దీని కోసమే నేను వచ్చింది నిజానికి.

చాలా ఏళ్ళ కింద, నేను అప్పుడు పని చేసిన స్కూల్లో, ఏడో తరగతి పాప ఒకతి స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గిర నిలబడింది. నేను క్వార్టర్లీ పేపర్లు దిద్దతా ఉన్నా. 'మేడం, ఆటో అంకుల్ నన్ను ముందర ఆయన పక్కనే కూర్చోమంటాడు' అనింది. నేను తల కూడా ఎత్తలేదు, వెనక కూర్చుంటానని చెప్పు పోమ్మా అన్నా. ఇంకా ఏదో చెప్పబోయి జడ రిబ్బన్ వేలికి చుట్టుకుంటా నిలబడింది, నేను గమ్మున పో క్లాసుకి అని గద్దించినా. పోయింది. రెండు వారాలకి స్కూలు మానేసింది, వాళ్ళమ్మ వచ్చి టీసీ తీసకపోయింది, అమ్మమ్మ ఊరికి పంపిస్తున్నాం అనింది, కళ్ళెత్తి చూళ్ళేదు నన్ను. ఏం జరిగిందో తర్వాత తెలిసింది, అది ఇక్కడ చెప్పను, అది ఆ బిడ్డ సంగతి. ఆ పాప గమనించింది, వచ్చింది, చెప్పింది. తను చెయ్యాల్సిందంతా చేసింది, నేనే వినలేదు. ఆ రోజు నేను పెన్ను పక్కన పెట్టి ఉంటే అని ఇన్నేళ్ళలో అనుకోని రోజు లేదు.

వినేటప్పుడు ఇంకో తప్పు కూడా ఉంటాది, ఎక్కువ అడగడం. కంగారులో మనమే జవాబు లోపల పెట్టి అడిగేస్తాం, పట్టుకున్నాడా, కొట్టినాడా, ఎర్ర చొక్కానేనా అని. 1974లో అమెరికాలో స్టూడెంట్లకి కార్ యాక్సిడెంట్ ఫిల్మ్ చూపించి, ఒక గుంపుని కార్లు 'ధడేల్మని గుద్దుకున్నప్పుడు' ఎంత స్పీడులో ఉన్నాయి అని అడిగినారు, ఇంకో గుంపుని 'తగిలినప్పుడు' అని అడిగినారు. వారం పోయినాక పిలిచి అద్దం పగిలింది చూసినారా అంటే, ధడేల్మని అనే మాట విన్న 50 మందిలో 16 మంది చూసినాం అన్నారు, తగిలినప్పుడు అని విన్న 50 మందిలో ఏడుగురు. ఫిల్మ్‌లో అద్దం పగలనే లేదు. కాలేజీ పిల్లలకే ఒక్క మాట మారితే ఇట్ట అయితే, టీచరంటే భయం ఉన్న చిన్న బిడ్డ మేడం ఏం చెప్పమంటుందో అదే చెప్తాది. అందుకని నేను పెట్టుకున్నవి రెండే మాటలు, 'చెప్పమ్మా', 'తర్వాత?'. వాళ్ళు ఆగితే మనమూ ఆగాల. ఏడ్చినా ఆగాల. బిడ్డ ఏ మాట అనిందో అదే మాట రాసుకోవాల, మనం మర్యాదగా ఉండాలని మార్చకూడదు, తేదీ, టైము వేసి సంతకం పెట్టాల. తర్వాత హెచ్చెమ్ అడిగి, కరెస్పాండెంట్ అడిగి, పేరెంట్స్ కమిటీ అడిగి, ఐదుసార్లు చెప్పించకూడదు.

లైంగికంగా బిడ్డని ఇబ్బంది పెట్టిన విషయం అయితే మనకి ఆలోచించే ఛాయిస్ కూడా లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినోళ్ళు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాల, చెప్పకుంటే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, సంస్థ నడిపేవాళ్ళయితే సంవత్సరం దాకా జైలు. బిడ్డ చెప్పకపోతే బిడ్డకి మాత్రం శిక్ష లేదు, చట్టమే ఆ మాట రాసింది. స్కూలు పరువు పోతాది, మనలో మనం మాట్లాడుకుందాం అనేది నేను నా చెవులతో విన్నా, ఆ మాట అన్నోళ్ళు చెడ్డోళ్ళు కూడా కాదు, కానీ అట్ట మాట్లాడుకుంటా ఉండగా ఆ మనిషి ఇంకో బిడ్డ దగ్గిరికి పోతాడు.

తల్లిదండ్రులకి ఒక భయం ఉంటాది, చెప్తే బిడ్డని స్టేషన్ల చుట్టూ తిప్పుతారని. పోక్సో కేసులో బిడ్డ మాట రికార్డు చేసేదానికి వాళ్ళే ఇంటికో, బిడ్డ కోరుకున్న చోటికో రావాల, సాధ్యమైనంత వరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి రావాల, యూనిఫామ్‌లో ఉండకూడదు, బిడ్డ నమ్మే పెద్దోళ్ళు పక్కనుండాల. వేరే కేసుల్లో సాక్షిగా అడగాలన్నా 15 ఏళ్ళ లోపు పిల్లల్ని, ఏ వయసు ఆడవాళ్ళనైనా, స్టేషన్‌కి రమ్మనే వీల్లేదు, వాళ్ళుండే చోటికే రావాల. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో కూడా అది అట్టాగే ఉండాది. ఇంకా దాంట్లోనే, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మా పరిధి కాదు అని పంపించకూడదు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినోళ్ళకి డబ్బులు తీసుకోకుండా ఇవ్వాల. ఇది పిల్లలకి చెప్పాల్సిన పని లేదు, మీరు తెలుసుకోండి, మీ గొంతులో భయం లేకుంటే వాళ్ళ గొంతులోనూ ఉండదు.

టైము చూస్తే పదకొండు దాటింది, పిల్లలు బయట ఆకలి మీద ఉన్నారు. గీత గీసిన కాగితాలు వంద తెచ్చినా, ఈ చివర నుంచి ఒక్కొక్కటి తీసుకొని పక్కకి ఇవ్వండి, మీ క్లాసుకి సరిపోయేటట్టు మార్చుకోండి, ఐదో తరగతికి బొమ్మ వేసేదానికి ఖాళీ వదిలినా చూడండి. ఏమన్నా అడగాలంటే అడగండి. ఆ వెనకాల, పచ్చ చీర అమ్మ, ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తతా దించతా ఉన్నారు. మైక్ ఆమెకి ఇవ్వండి బాబూ. చెప్పమ్మా.